నలభై ఎనిమిది చుట్లు

చేయవలసిన పనులు: అతుకు పట్టీ బోల్టులు మరోసారి బిగించి చూడాలి. లైను నిండేదాకా గొయ్యి పూడ్చనివ్వకూడదు. వాల్వు ఐదు నిమిషాలకు నాలుగు చుట్లు తెరవాలి, అంతకు మించి ఒక్క చుట్టు కూడా వద్దు. గాలి వదిలే మూత దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. ఆస్పత్రి ట్యాంకులోకి నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో కనుక్కోవాలి. కడ్డీతో వినాలి. మేస్త్రి సంతకం తీసుకోవాలి. విమానాశ్రయంలో ఆపేసిన మైకు తాలూకు కాగితం సంచిలో పైకి పెట్టుకోవాలి. నాన్నకు ఫోను. ఐదింటికి పడమటి రోడ్డు మీదుగా విమానాశ్రయం. ఆరున్నర విమానం, తప్పకూడదు. రేపు నాన్న చెవి మిషను.

ఈ జాబితాను ఆమె పొద్దున వ్యానులో కూర్చుని పెన్సిలుతో రాసుకుంది. ఇప్పుడు సాయంత్రం నాలుగు దాటి ఐదు నిమిషాలైంది. నిన్నటి దాకా పటంలో తప్ప చూడని దేశంలో, రోడ్డు మధ్య తవ్విన గొయ్యి పక్కన, బోర్లించిన ఇనప బకెట్టు మీద కూర్చుని, నాలుగడుగుల కడ్డీ కొనను గొట్టం మీద ఆనించి, రెండో కొనకున్న చెక్క గిన్నెను కుడిచెవికి అదుముకుని, మొదటి నాలుగు చుట్ల నీళ్ళు రావడం వింటోంది. ముందు ఒక దగ్గు వినపడింది. తరువాత గొంతు సవరించుకోవడం. ఆ తరువాత దాహంతో ఉన్న గేదె తొట్టిలో మూతి పెట్టినట్టు గుటక మీద గుటక. రా తల్లీ, తొందరేం లేదు, రా. మూడు రోజులు ఎండిన పాత పోత ఇనప గొట్టం ఇది, దాని మీద దబాయింపు పనికిరాదు. ఒక్కసారి నీళ్ళు వదిలితే లోపలి గాలి ఎటూ పోలేక ఎదురు తంతుంది, పొద్దుటి నుంచీ పడ్డ పాటంతా వృథా చేస్తూ గొట్టం ఇంకోచోట పగులుతుంది. వాల్వు నలభై ఎనిమిది చుట్లది. ఐదు నిమిషాలకు నాలుగంటే గంట. బయట ప్రభుత్వం పడిపోతోందా నిలబడుతోందా అన్నది వేరే సంగతి, గంటంటే గంటే. ఆ సంగతిలో ఆమెకు అనుమానం లేదు. అసలు ఈ రోజు ఆమెకు చాలా సంగతుల్లో అనుమానం లేదు, అది ఆమెకే కొంచెం ఆశ్చర్యంగా ఉంది.

నాన్న ఇరవైతొమ్మిదేళ్ళు నీళ్ళ లైను మనిషి. నాలుగు వీధుల వాల్వులు ఆయన చేతిలో ఉండేవి. వీధిలో వాల్వు తిప్పే పొడుగాటి తాళం భుజాన వేసుకుని కనపడితే చాలు, బిందెలు వాటంతటవే బయటికొచ్చి వరస కట్టేవి. ఒక వీధికి తెరిచి ఇంకో వీధికి వెళ్ళేటప్పుడు వాల్వు మూత మూసి, దాని మీద చెయ్యి పెట్టి, మనిషితో చెప్పినట్టే "వెళ్ళొస్తా" అనేవాడు. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆయన అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా మిగలకుండా 'వెళ్ళొస్తా బాబాయి' అయిపోయాడు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమెకు ఆ పేరు తలుచుకుంటే తల కొట్టేసినట్టుండేది. ఇంజినీరింగు మొదటి ఏడాది ఎవరో నాన్న ఏం చేస్తారంటే 'నీటి సరఫరా విభాగం' అని చెప్పి ఊరుకుంది. విభాగం! నాన్న వింటే, విభాగం కాదే, భుజం అనేవాడు, చొక్కా తీసి తాళం మోసి కాయ కాచిన చోటు చూపించేవాడు. ఆమె వాళ్ళ వంశంలో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి. పట్టా వచ్చిన రోజు నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చదవడం రాదు కనక, కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "ఏం వినపడట్లేదే, లీకేజీ లేదు, పాసయ్యావు" అన్నాడు. అప్పటికే ఎడమ చెవి పోయింది. ఇప్పుడు కుడిదీ దారి పట్టింది. రేపు పెట్టబోయే మిషనంటే ఆయనకు భయం, చెవిలో పురుగు దూరినట్టుంటుందట. నువ్వు పక్కనుంటేనే పెట్టించుకుంటా, లేకపోతే ఈ నిశ్శబ్దమే హాయిగా ఉంది, అన్నాడు. వెళ్ళొస్తా నాన్నా, గురువారం పొద్దున్నకి నీ మంచం పక్కనుంటా, అని చెప్పి వచ్చింది.

ఎనిమిది. తాళం తిప్పే ఇద్దరూ ఆమె వేళ్ళ వంక చూసి ఆగారు. ఆమె అరచెయ్యి చూపించింది. మేస్త్రి ముసలివాడు, దవడకు గుడ్డ చుట్టుకున్నాడు, పంటినొప్పి. పొద్దున ఆమె కడ్డీ బయటికి తీసినప్పుడు అతను తన మనుషులతో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఏమన్నాడని డ్రైవరుని అడిగితే, "కర్రతో నేలని కుశలమడుగుతోంది అంటున్నాడు" అన్నాడు. డ్రైవరూ ఆమే మాట్లాడుకునేది ఇద్దరికీ సగం సగం వచ్చిన ఒక మూడో భాషలో. అందులోని తప్పులన్నీ తీసేసి ఇక్కడ మన మాటల్లోనే రాసుకుందాం. ఆమె అతన్ని మొదటి గంటలోనే అలవాటు కొద్దీ అన్నా అనేసింది. అదేమిటని అడిగాడు. తనకంటే ముందు పుట్టినవాడని చెప్పింది. తన బట్టతల తడుముకుని, "అది చూస్తేనే తెలుస్తుంది, దానికి పేరు కూడానా?" అన్నాడు. అతను మాత్రం ఆమెను ఇంజినీరమ్మా అంటాడు, అందులో మర్యాదెంతో వెటకారమెంతో ఇంకా తేలలేదు.

ఈ కడ్డీ నాన్నదే. కంపెనీ ఇచ్చిన అసలు మిషను వేరే ఉంది: రెండు చిన్న మైకులు, గొట్టానికి అటొకటి ఇటొకటి అంటించి పెట్టెలో మీట నొక్కితే లీకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అంకె చూపిస్తుంది. నిన్న విమానాశ్రయంలో ఆ మైకుల్లో ఒకదాన్ని ఆపేశారు. రెండో దాన్ని ఎందుకు వదిలారో దేవుడికే తెలియాలి. ఒంటి చెవితో ఆ మిషను ఎందుకూ పనికిరాదు, ఆ సంగతి వాళ్ళకు చెప్పేంత భాష ఆమెకు రాదు. కడ్డీ మూడు ముక్కలుగా విప్పి సంచిలో ఉంది. ఈ రోజుల్లో ఈ దేశంలో ఇనప కడ్డీ! అధికారి కళ్ళు చిన్నవి చేశాడు. ఎందుకిది? ఆమె దగ్గర నలభై మాటల కాగితం ఒకటుంది, పనివాళ్ళ కోసం అచ్చువేసింది: నీళ్ళు, గొట్టం, తవ్వు, ఆగు, వింటాను, వెళ్తాను, వస్తాను, ఎప్పుడు, అంకెలు. వింటాను, అంది ఆమె. అతను నమ్మలేదు. ముక్కలు బిగించి, కొన అతని బల్ల మీద ఆనించి, గిన్నె అతని చెవికి పెట్టింది. బల్ల అవతలి చివర అతని స్నేహితుడెవరో వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఆ మనిషి ముఖం చూడాలి! గడ్డం మాసి, రెండు రోజులుగా నిద్ర లేక వాచిన కళ్ళు, ఒక్కసారి చిన్నపిల్లాడి కళ్ళయిపోయాయి. బల్ల మీద గోరుతో గీకి విన్నాడు, ముద్ర గుద్ది విన్నాడు. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటున్నా వినిపించుకోలేదు. ఆ దేశం మీద ఆమెకు కలిగిన మొదటి అభిప్రాయం అది: ఇక్కడి మనిషికి చెవికేదైనా ఆనిస్తే వింటాడు.

పన్నెండు. నీళ్ళు ఇప్పుడు మూలమలుపు దాటుతున్నాయి, గుటకలు తగ్గి ఒరుసుకునే చప్పుడు వస్తోంది. నిన్న సాయంత్రం వ్యాను కిటికీలోంచి చూసినవన్నీ ఆ చప్పుడు వెంట ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి. షట్టర్లు నడుము దాకా దించిన దుకాణాలు, వాటి కింద నుంచి కాళ్ళు మాత్రం కనపడే దుకాణదారులు. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న మనిషి, కేకలు వినపడగానే సబ్బు ముఖంతో గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. గోడల మీద రాతల్ని సున్నం కొట్టి చెరిపేశారు. ఆ సున్నం పట్టీలు పొడుగ్గా, పొట్టిగా. వాక్యం ఏమిటో తెలియదు గానీ ఎంత పొడుగో తెలిసిపోతోంది. పొడుగాటివి కోరికలై ఉండాలి, పొట్టివి తిట్లు అయ్యుంటాయి. కూడలిలో ఎవరిదో విగ్రహం తలకు గోనెసంచి కట్టి ఉంది; అది అవమానించడానికా, దెబ్బ తగలకుండా కాపాడటానికా అని అడిగితే డ్రైవరు, "పొద్దున కట్టినవాళ్ళు ఒకందుకు, సాయంత్రం విప్పకుండా వదిలినవాళ్ళు ఇంకొకందుకు" అన్నాడు. బస చేసిన చోట గదిలో కుళాయి తిప్పితే ఉఫ్ మని ఊది ఊరుకుంది. భయపడవలసింది ఆ క్షణంలో; ఆమెకు మాత్రం ధైర్యం వచ్చింది. విగ్రహం గొడవ, గోడల గొడవ తనకు తెలియవు. కుళాయి ఎందుకు ఊదుతుందో తెలుసు.

పొద్దున్నకి వంతెన మీద గేటు వెలిసింది. నిన్న లేదు. ఇసక బస్తాలు, అడ్డంగా వాలే ఎరుపు తెలుపు కర్ర, దాని వెనక ఇనప జాలీ తలుపు, పక్కన బడిపిల్లల బల్ల లాంటి బల్ల, దాని మీద పెద్ద పుస్తకం. అవతలి ఒడ్డున చౌకులో జనం చేరుతున్నారట, ఇక్కడి నుంచి ఎవరూ పోకూడదట. ముందు వరసలో ఉన్న వాళ్ళందర్నీ వెనక్కి పంపేస్తున్నారు. పెట్టెలతో వచ్చిన జంట వెళ్ళిపోయారు, పుస్తకాల సంచితో వచ్చిన పంతులుగారు వెళ్ళిపోయారు. వీళ్ళ వంతు వచ్చేసరికి కాపలా మనిషి ఆమె కాగితాలు చూశాడు, వ్యానులో పనిముట్లు చూశాడు. పాతికేళ్ళుంటాయేమో, టోపీ ఒక సైజు పెద్దది, చెవుల మీద ఆగింది. కాగితాలు తిరిగి చేతికిచ్చాడు. ఇక ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోవడం ఆమెకు చేతకాలేదు. చిన్నప్పుడు బడికి బయల్దేరుతూ వెళ్తున్నా అంటే నాయనమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగేది: "వెళ్తున్నా ఏమిటే, నోరు కడుక్కో. వెళ్ళొస్తా అను." ఆ లాగుడు ఇప్పటికీ నడినెత్తిన ఉంది. కాగితం చూసి రెండు మాటలు ఏరి పక్కపక్కన పెట్టింది. వెళ్తాను. వస్తాను. అతను తలెత్తాడు. ఎప్పుడు? అన్నాడు. ఆ మాట కాగితంలో ఉంది. విమానం ఎప్పుడని అడుగుతున్నాడు కాబోలనుకుంది. ఆరున్నర. అర అనే మాట కాగితంలో లేదు. అందుకని, సాయంత్రం, ఆరు, అని వేళ్ళు కూడా చూపించింది. అతను పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, డ్రైవరుతో రెండు ముక్కలు మాట్లాడాడు, డ్రైవరు దగ్గర గుర్తింపు కార్డు తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కర్ర పైకి లేచింది. ఎంత మర్యాదగల మనుషులు, అనుకుంది ఆమె.

ఇరవై. గొట్టంలో ఇప్పుడు నీళ్ళ చప్పుడుకు తోడు ఇంకేదో ఉంది, దూరంగా, దట్టంగా, దద్దరిల్లుతూ. పంపు కాదు, పంపుది ఒకటే పాట. లారీ కాదు, లారీ వచ్చి పోతుంది. కాళ్ళు. చౌకు వైపు నుంచి వందల కాళ్ళు. నేలలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి కడ్డీలోకి, కడ్డీలోంచి ఆమె చెవిలోకి నడిచి వస్తున్నాయి. ఎవరి పక్షమో కడ్డీ చెప్పదు. అరుపులు దానికి వినపడవు, అడుగులే వినపడతాయి. పొద్దున వినడానికి సరిపడా వాల్వు కాసేపు రెండు చుట్లు తెరిపించి, ఇదే రోడ్డు మీద నాలుగు వందల మీటర్లు, అడుగు అడుక్కీ కడ్డీ ఆనించి నడిచింది. తవ్వడానికి ఒక్క గొయ్యికే అనుమతి. రెండో గొయ్యి తవ్వితే కందకం అంటారట అధికారులు, అడ్డంకి అంటారట జనం. ఒక్క గొయ్యి, ఆరడుగుల పొడుగు, అందులోనే లీకు ఉండాలి. మేస్త్రి దవడ పట్టుకుని, ఇది అయ్యేపని కాదన్నట్టు ఆకాశం వంక చూశాడు. ఎక్కడ స్స్ మన్న మోత సన్నగా ఉందో, ఎక్కడ చెవిలోపల వెన్న కాచినట్టు చిటపటమందో, మూడుసార్లు ముందుకీ వెనక్కీ నడిచి సుద్దముక్కతో గీత గీసింది. మిషను ఉంటే అంకెను నమ్మేది. అంకె తప్పయితే మిషను తప్పు. ఇవాళ తప్పయితే తనదే, నాన్నదే, ఇరవైతొమ్మిదేళ్ళదీ తప్పే. గునపం నాలుగడుగులు దిగాక గీత కిందికి జానెడు దూరంలో నీళ్ళు చిమ్మి మేస్త్రి దవడ గుడ్డ తడిసింది. అతను ఆ గుడ్డ విప్పి పిండి, మళ్ళీ కట్టుకుని, ఆమె ముందు నిలబడి, తన భాషలో ఒకే మాట అన్నాడు. డ్రైవరు చెప్పాడు: "నొప్పి తగ్గిందంటున్నాడు. అబద్ధమే, అయినా నీ కోసం."

ఇరవై ఎనిమిది. గస్తీ జీపు వచ్చి ఆగింది. అందరి కార్డులూ అడిగారు. మేస్త్రి తీశాడు, తాళం తిప్పేవాళ్ళు ఒకరి తరవాత ఒకరు తీశారు. డ్రైవరు జేబు తడుముకుని వంతెన వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పాడు, గొంతు తగ్గించి. జీపు వాళ్ళు ఆమె వంక చూశారు, రాసుకున్నారు, వెళ్ళిపోయారు. డ్రైవరు వచ్చి గొయ్యి అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు.

"కార్డు ఇంకా వాళ్ళ దగ్గరే ఉందా అన్నా?"

"ఉంటుందిలే. నీ పని చూసుకో ఇంజినీరమ్మా."

"ఎందుకుంచుకున్నాడు?"

"నువ్వు వస్తావని."

"నేనా? ఎక్కడికి?"

"గేటుకి. ఆరింటికి వస్తానన్నావుగా."

"నేనెప్పుడన్నాను?"

"నా రెండు చెవులతో విన్నా. వెళ్తాను, వస్తాను. ఆరు. వేళ్ళు కూడా చూపించావు." అతను నవ్వడానికి చూశాడు. "ఆ వరసలో అందరూ వెళ్తామనే అన్నారు. వస్తామన్నది నువ్వొక్కదానివే. పనికి పోయి తిరిగొచ్చే వాళ్ళనైతేనే వదలమని వాళ్ళకి ఆర్డరు. ఆమె వస్తేనే నీ కార్డు, రాకపోతే నువ్వూ లేవు నేనూ లేను, అన్నాడు ఆ పిల్లాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వంతెన జోలికి పోకుండా పడమటి రోడ్డు మీదుగా నిన్ను విమానం ఎక్కించమని ఆఫీసు చెప్పింది. తరవాత వెళ్ళి గడ్డం పట్టుకుని బతిమాలుకుందామనుకున్నా. వాడికి గడ్డం ఇంకా సరిగా మొలవలేదు, అదే ఇబ్బంది."

ముప్ఫై రెండు అని చెయ్యి చూపించడం ఒక నిమిషం ఆలస్యమైంది. ఈ రోజు మొత్తంలో ఆలస్యమైంది అదొక్కటే. డ్రైవరు భార్య ఈ ఒడ్డునే ఆస్పత్రిలో నర్సు, నిన్న రాత్రి డ్యూటీకి వచ్చి, తెల్లారేసరికి గేటు వెలియడంతో ఇంటికి పోలేకపోయింది. ఇద్దరు పిల్లలు ఆ ఒడ్డున పక్కింటివాళ్ళ దగ్గరున్నారు. పొద్దున వ్యానులో ఈ సంగతి వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు, ఆమె అయ్యో అంది, అంతటితో అయిపోయింది. ఇప్పుడు అదే సంగతి గొయ్యి అంచున వచ్చి కూర్చుంది. కార్డు లేకపోతే ఈ మనిషి వంతెన దాటలేడు. మర్యాద అనుకుని అన్న మాటను అవతలివాడు మాట అనుకున్నాడు. తప్పెవరిది? నాయనమ్మదా, అర లేని కాగితానిదా? వెళ్ళొస్తా అన్నది అబద్ధమా మరి? ఇన్నేళ్ళుగా ఎన్ని గుమ్మాల్లో అంది! మళ్ళీ ఎన్నడూ వెళ్ళనని తెలిసిన హాస్టలు గదిలో అంది, ఉద్యోగం మానేసిన ఆఫీసులో అంది, చనిపోయిన స్నేహితురాలి వాళ్ళమ్మతో అంది. ఎవ్వరూ ఎప్పుడని అడగలేదు. అడిగినవాడు ఇతనొక్కడే. అడిగి, రాసుకుని, టోపీ సర్దుకుని, కర్ర పైకెత్తాడు.

మేనేజరు ఫోను చేసినప్పుడు ముప్ఫై ఆరు. ఆరున్నర విమానమే ఆఖరుదట, ఆ తరవాత విమానాశ్రయం మూసేస్తారట, ఎన్నాళ్ళో తెలియదట. "మీరు సంతకం తీసుకుని ఇప్పుడే బయల్దేరిపోండమ్మా, మిగతా చుట్లు వాళ్ళు తిప్పుకుంటారు" అన్నాడు. డ్రైవరు సంగతి చెప్పింది. అది అక్కడి ఆఫీసు చూసుకుంటుంది, మీరు మనసులో పెట్టుకోకండి, అన్నాడు. మంచివాడే. ఆమె చదువుకున్న కాలేజీ పేరు విని ఉద్యోగం ఇవ్వడానికి తటపటాయించి, తరవాత ఇచ్చినందుకు ఎప్పుడూ సంతోషపడేవాడు. "ఇంకా పన్నెండు చుట్లున్నాయి సార్" అంది ఆమె. ఫోను పెట్టేశాక చూసుకుంటే తాను గట్టిగా మాట్లాడలేదు, భయపడనూ లేదు. పన్నెండు చుట్లున్నాయి. తరవాత గేటుంది. ఆలోచించవలసింది ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. దొరికింది ఒక్కటే, మంచం పక్కన ఖాళీ కుర్చీ, చెవిలో పురుగు దూరుతుందని భయపడే మనిషి. ఆయనకు చెప్పాలి.

నాన్నకు ఫోను చేయడమంటే వీధంతటికీ చేయడమే. ఆమె లేచి నిలబడి అరిచింది. తాళం దగ్గర ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నాన్నా! నేనే! రేపు రాలేను!"

"ఆ! వచ్చేశావా?"

"రాలేను! గేటు దగ్గరికి వెళ్ళాలి! గేటు!"

"గేటు వాల్వా? ఎన్ని చుట్లు?"

"వాల్వు కాదు నాన్నా! వంతెన మీద గేటు! మనుషుల గేటు!"

"పెద్ద లైనైతే నలభై ఎనిమిది ఉంటాయి. నెమ్మదిగా తిప్పించు. తొందరపడితే తన్నుద్ది."

"తిరిగొస్తానని అన్నా నాన్నా! గేటు దగ్గర! పొద్దున!"

ఆయన ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి, పోయిన చెవికి, మళ్ళీ ఉన్న చెవికి మార్చుకుంటున్న గరగర.

"వెళ్ళొస్తానన్నావా?"

"అన్నా!"

"మరి నాకెందుకే ఫోను? వెళ్ళు. గేటు సగంలో వదిలేస్తే దాని ముఖం అరిగిపోద్ది, ఆ తరవాత మూసినా మూసుకోదు. మిషను ఎక్కడికీ పోదులే. పోయేది చెవే, అది ఎటూ పోయింది."

ఆయన విన్నది ఏ గేటు గురించో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. రెండిటికీ సరిపోయింది కదా.

నలభై నాలుగు. నలభై ఎనిమిది. ఐదు. తాళం ఆగింది. ఆమె అందర్నీ కదలొద్దని చేత్తో చెప్పి, కళ్ళు మూసుకుని, కడ్డీని అతుకు పట్టీ మీద ఆనించింది. నిండు గొట్టం చప్పుడు నిండు ఇంటి చప్పుడులా ఉంటుంది, ఎవరూ మాట్లాడకపోయినా లోపల మనుషులున్నారని తెలుస్తుంది. ఈల లేదు, చిటపట లేదు. దూరంగా ఆస్పత్రి వైపు ఎవరో కుళాయి తిప్పారు, కట్టేశారు, మళ్ళీ తిప్పారు. నీళ్ళు వచ్చాయో లేదో నమ్మలేక రెండోసారి తిప్పి చూసుకునే చెయ్యి. అది డ్రైవరు భార్యదే కావాలని ఏమీ లేదు. ఆమె కడ్డీ గిన్నెను డ్రైవరు చెవికి పెట్టింది. అతను విన్నాడు, బట్టతల తడుముకున్నాడు, మళ్ళీ విన్నాడు. మేస్త్రి సంతకం చేశాడు. ఆమె జాబితా తీసి విమానాశ్రయం అన్న వరసను కొట్టేసి, దాని పక్కన, గేటు, ఆరు, అని రాసింది.

ఇరవై నిమిషాల దారి. చౌకు దగ్గర ఊరేగింపు అడ్డం వచ్చింది, ఇందాక కడ్డీలో విన్న కాళ్ళకి ఇప్పుడు ముఖాలు వచ్చాయి, వంటింట్లోంచి అలాగే లేచొచ్చినట్టున్న ముఖాలు, ఆఫీసు మెడపట్టీలు ఇంకా విప్పని ముఖాలు. అరవై గజాలు కదలడానికి అరగంట పట్టింది. ఆరుకు పది నిమిషాలప్పుడు వ్యానును పక్కన వదిలేసి ఇద్దరూ దిగి నడిచారు, తరవాత పరుగెత్తారు. భుజం మీద సంచిలో కడ్డీ మూడు ముక్కలూ ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. వంతెన చివరికి చేరేసరికి ఆరు దాటి పది. ఎరుపు తెలుపు కర్ర వాలి ఉంది. వెనక జాలీ తలుపు మాత్రం మనిషి పట్టేంత తెరిచి ఉంది, ఆ సందులో వీపు ఆనించి పెద్ద టోపీ కుర్రాడు నిలబడ్డాడు. అతని బదులు డ్యూటీకి వచ్చిన నడివయసు కాపలావాడు కేకలేస్తున్నాడు, ఆరైతే మూయాలన్నది నీకు వేరే చెప్పాలా అన్నట్టు. కుర్రాడు పుస్తకం మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఎడమ వరస నిండా రోజు మొత్తంలో పనికని వెళ్ళినవాళ్ళు ఉన్నారు, పక్కన తిరిగి వచ్చిన టిక్కులున్నాయి. ఒక్క చోట ఖాళీ.

"ఆరు అన్నావు" అన్నాడు ఆమెతో.

డ్రైవరు రొప్పుతూ మధ్యలోకి వచ్చాడు. "ఆమెకి అర అనే మాట రాదు బాబూ. ఆరున్నర అనబోయింది. ఆ లెక్కన ముందే వచ్చినట్టు."

కుర్రాడు నవ్వలేదు. టిక్కు పెట్టాడు, రెండుసార్లు దిద్దాడు. కార్డు జేబులోంచి తీసి, చొక్కాకు తుడిచి ఇచ్చాడు. అప్పుడు తలుపు నుంచి వీపు తీశాడు. వీపు మీద జాలీ గళ్ళు గళ్ళుగా అచ్చుపడి ఉన్నాయి.

విమానాలు మళ్ళీ ఎగిరింది పదకొండు రోజులకు. అన్నాళ్ళూ ఆమె డ్రైవరు ఇంట్లోనే ఉంది, పిల్లలిద్దరికీ కడ్డీతో గోడలు వినడం నేర్పింది. నాన్న మిషను పన్నెండో రోజున పెట్టించుకున్నాడు, పురుగేమీ దూరలేదని ఒప్పుకున్నాడు. ఆ వంతెన మీద ఇప్పుడు గేటు లేదట, డ్రైవరు చెప్పాడు. ఆ కుర్రాణ్ణి ఎటు మార్చారో అతనికీ తెలియదు. అందుకని చదివినవాళ్ళకు ఒక్క మనవి. రోజుకు ఎన్ని గుమ్మాలు దాటుతూ ఎన్నిసార్లు అంటామో ఆ మాట. ఈసారి చెప్పులు వేసుకుంటూ వెళ్ళొస్తా అన్నప్పుడు, అది నిజమేననుకుని, ఎప్పుడని అడిగి, పుస్తకంలో రాసుకుని, పది నిమిషాల సేపు గేటుకు వీపు ఆనించి నిలబడ్డ ఆ పెద్ద టోపీ కుర్రాణ్ణి ఒక్కసారి తలచుకోండి.